కంపైలర్ ఆప్షన్లతో కాలక్షేపం చేస్తున్న మా అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. జీసీసీ కంపైలర్ (సీ ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) ఆప్షన్లన్నీ, అంటే దాన్ని నడిపేటప్పుడు ఇచ్చే చిన్న చిన్న సూచనలన్నీ, నోట్సు రాసుకుని బట్టీ పడుతోంది. దీన్ని మాన్పించి ఏదైనా కోర్సులో చేర్పించమంటారా?

సమాధానం: మాన్పించవద్దు. బట్టీ పట్టడం మాత్రం మానిపించండి. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ విడుదల చేసిన ఈ కంపైలర్‌లో నేడు ఆప్షన్లు వందల్లో ఉన్నాయి. వాటన్నిటినీ గుర్తుంచుకునే ఇంజినీర్లు అరుదు. మాన్యువల్‌లోనే వాటిని భాషా ప్రమాణం, హెచ్చరికలు, డీబగ్గింగ్ (తప్పులు వెతకడం), ఆప్టిమైజేషన్ (ప్రోగ్రాంను వేగంగా నడిచేలా మలచడం), ప్రీప్రాసెసర్, లింకర్, ప్రాసెసర్ అనే వర్గాలుగా విడదీశారు. సీ ప్రోగ్రాం ప్రీప్రాసెసింగ్, కంపైలేషన్, అసెంబ్లీ, లింకింగ్ (తయారైన ముక్కలను లైబ్రరీలతో, అంటే ముందే రాసిపెట్టిన ఫంక్షన్లతో, కలపడం) అనే దశలు దాటి ఎలా తయారవుతుందో తెలిసినవారికి, ఏ వర్గం ఎక్కడ పనిచేస్తుందో చాలావరకు దానంతటదే అర్థమవుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. గణిత ఫంక్షన్లు వాడిన ప్రోగ్రాంకు గణిత లైబ్రరీని కలిపే 'ఎల్ఎం' (-lm) ఆప్షన్‌ను సోర్స్ ఫైలు పేరుకు ముందు రాస్తే, లైనక్స్‌లో చాలాసార్లు 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' (ఫంక్షన్ దొరకలేదు) అనే దోషం వస్తుంది. అదే ఆప్షన్‌ను చివర రాస్తే పోతుంది. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతూ, అప్పటికి అవసరమైన వాటినే లైబ్రరీ నుంచి తీసుకోవడం దీనికి కారణం. దోషం కంపైలర్‌ది కాదు, లింకర్‌ది అని వెంటనే గుర్తుపట్టే అభ్యర్థికి ఇంటర్వ్యూలో విలువ ఉంటుంది. అలాగే చిన్న 'ఓ' (-o) ఫలిత ఫైలుకు పేరు పెడుతుందని, పెద్ద 'ఓ' (-O) ఆప్టిమైజేషన్ స్థాయిని నిర్ణయిస్తుందని, 'డబ్ల్యూ ఆల్' (-Wall) పేరుకు విరుద్ధంగా అన్ని హెచ్చరికలనూ చూపదని, అందుకే 'డబ్ల్యూ ఎక్స్‌ట్రా' (-Wextra) కూడా జోడిస్తారని ఆమె స్వయంగా చేసి చూడాలి. డీబగ్గింగ్ సమాచారం చేర్చే 'జీ' (-g) ఆప్షన్‌తో పాటు 'ఓ2' (-O2) కూడా పెట్టి, తప్పులు వెతికే సాధనమైన జీడీబీలో నడిపితే, కొన్ని చలరాశుల విలువలకు బదులు 'ఆప్టిమైజ్డ్ ఔట్' అని కనిపిస్తుంది. ఆ ఒక్క ప్రయోగం డీబగ్గింగ్, ఆప్టిమైజేషన్ అనే రెండు వర్గాల మధ్య సంబంధాన్ని బాగా నేర్పుతుంది.

ఇక ఉద్యోగాల సంగతి. సాధారణ సాఫ్ట్‌వేర్ సేవల సంస్థల క్యాంపస్ ఎంపికలలో ఈ పరిజ్ఞానాన్ని అడగడం తక్కువే. అక్కడ డేటా స్ట్రక్చర్లు, ఆప్టిట్యూడ్ ముఖ్యం. వాటిని పక్కన పెట్టకూడదు. ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ (పరికరాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్), చిప్ డిజైన్ సంస్థల టూల్‌చైన్ బృందాలు (కంపైలర్, లింకర్ వంటి సాధనాలు తయారుచేసేవారు), ఆపరేటింగ్ సిస్టమ్ విభాగాలలో మాత్రం ఇది రోజువారీ పని. మన నగరంలోనే నౌకాదళ పరిశోధనలు చేసే డీఆర్‌డీవో ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఉంది. డీఆర్‌డీవో శాస్త్రవేత్తల నియామకాలలో గేట్ స్కోరుకు ప్రాధాన్యం ఉంది. గేట్ కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో సీ ప్రోగ్రామింగ్, కంపైలర్ డిజైన్ రెండూ ఉన్నాయి కాబట్టి, ఆమె ఆసక్తిని అటు మళ్లించడం మంచిదని నా అభిప్రాయం.

కోర్సులో చేర్పించాలనే అనుకుంటే, డబ్బు కట్టే ముందు మేక్‌ఫైల్ (ప్రోగ్రాం తయారీ సూచనలు రాసే ఫైలు), లింకింగ్, జీడీబీ, క్రాస్ కంపైలేషన్ (ఒక రకం కంప్యూటర్‌లో మరో రకం ప్రాసెసర్‌కు ప్రోగ్రాం తయారుచేయడం) అందులో చెబుతారా అని అడగండి. చెప్పకపోతే ఆ డబ్బుతో ఆర్మ్ రకం ప్రాసెసర్ ఉన్న చిన్న సర్క్యూట్ బోర్డు కొనివ్వండి. ఇంట్లోని కంప్యూటర్‌లో దానికి తగ్గ ప్రోగ్రాం తయారుచేసి ఆ బోర్డులో నడిపించమనండి.