పాత ఇంగ్లీషు పుస్తకాలు చదవాలంటే ముందుగా ఏ పదాలు నేర్చుకోవాలి, అందుకు ఏం చదవాలి?

నన్నడిగితే తెలియని పదాలతో పెద్ద ఇబ్బందేమీ లేదు. ‘హ్యాత్’, ‘దౌ’ లాంటివి కనబడితే ఆగి డిక్షనరీ తీస్తాం. మనకు బాగా తెలుసనుకున్న పదాలే నిలువునా ముంచుతాయి. అక్కడ ఆగాలని కూడా తోచదు మరి.

మా తాతయ్య మిషన్ బడిలో ఇంగ్లీషు మాస్టారు. ఇంగ్లీషు బైబిల్ అంటే ఆయనకు 1611 నాటి కింగ్ జేమ్స్ ప్రతే, ఇంకోటి ముట్టేవారు కాదు. వేసవి సెలవుల్లో నా చేత రోజుకో అధ్యాయం పైకి చదివించేవారు. ఒకరోజు మత్తయి సువార్త 19వ అధ్యాయంలో ‘సఫర్ లిటిల్ చిల్డ్రన్’ అని వచ్చింది. అప్పటికి నాకు తెలిసిన సఫర్ ఒక్కటే, బడికి ఎగనామం పెట్టినప్పుడు లీవ్ లెటర్‌లో రాసే ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’. యేసు పిల్లల్ని బాధపడమన్నాడా తాతయ్యా అని అడిగాను. కళ్ళజోడు తీసి మరీ నవ్వారాయన.

ఆ వాక్యంలో సఫర్ అంటే ‘రానివ్వండి’ అని. మన ‘సహించు’ పక్కన పెట్టి చూస్తే సులువుగా తెలుస్తుంది. పంటి నొప్పిని సహిస్తాం, పక్కింటి పిల్లల అల్లరినీ సహిస్తాం. రెండోదాంట్లో ‘పోనీలే, చేసుకోనీ’ అని ఊరుకోవడం ఉంది కదా, అదే పాత సఫర్. ఇప్పుడు ఇంగ్లీషులో నొప్పి ఒక్కటే మిగిలింది.

‘ప్రివెంట్’ దగ్గర ఇంకా గట్టిగా బోర్లాపడ్డాను. 119వ కీర్తనలో భక్తుడు ‘ఐ ప్రివెంటెడ్ ద డానింగ్ ఆఫ్ ద మార్నింగ్’ అంటాడు. తెల్లారకుండా ఆపేశాడా, ఇదేదో మన సుమతి కథలా ఉందే అనుకున్నా. తెలుగు బైబిల్లో అదే చోట ‘తెల్లవారకమునుపే’ అని ఉంది. ప్రివెంట్ పుట్టిన లాటిన్ మాటకు ముందుగా రావడం అని అర్థం. సూర్యుడి కంటే ముందే లేచాడన్నమాట, అంతే. ముందే వెళ్ళి నిలబడినవాడు వెనకొచ్చేవాడికి అడ్డమవుతాడు కాబట్టి, పోను పోను అది ‘అడ్డుకోవడం’ అయింది.

కొన్ని పదాలు కుంచించుకుపోయాయి. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు మొక్కల్నీ పండ్లనీ మనుషులకు ‘మీట్’‌గా ఇస్తాడు. అప్పట్లో మీట్ అంటే ఏ తిండైనా సరే. మనకూ చీర ఇలాగే ఒకప్పుడు ఆడామగా తేడా లేకుండా ఏ బట్టకైనా చెల్లేది, అందుకే రాముడు నారచీరలు కట్టాడంటే మనమెవరం నవ్వం. ‘డీర్’ కూడా మొదట్లో ఏ జంతువైనా. ఇది తెలిసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది మృగం. మృగశిరలో అది జింక, మృగరాజులో అడవిలో ఉన్న జంతువులన్నీ. రెండు భాషలూ ఒకే జింక చుట్టూ ఎలా తిరిగాయో!

‘దౌ’ గురించి మాత్రం కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది గౌరవవాచకం అనుకుంటారు. ప్రార్థనల్లో వింటాం కాబట్టి బరువుగా, పవిత్రంగా అనిపిస్తుంది. అసలు సంగతి తలకిందులు. దౌ అంటే ‘నువ్వు’, యూ అంటే ‘మీరు’. మొదట్లో తేడా ఒక్కరా, పదిమందా అన్నదే. తర్వాత పెద్దవాళ్ళను ఒక్కరినైనా యూ అనడం మొదలైంది, మనం మీరు అన్నట్టే. 1603లో ఎలిజబెత్ రాణి కొలువులో పెద్దమనిషిగా వెలిగిన సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ నిండు కోర్టులో ఆయన్ని దౌ అన్నాడు. అనడమే కాదు, నిన్ను దౌ అనే పిలుస్తానురా ద్రోహీ అన్న ధోరణిలో మాట్లాడాడు. ఈ తిట్టు ఇప్పటి ఇంగ్లీషువాళ్ళకు విడమరిచి చెప్పాలేమో కానీ మనకు అక్కర్లేదు. కాస్త పరిచయమున్న పెద్దమనిషి నలుగురిలో ‘ఏంట్రా నువ్వు’ అంటే ఎలా ఉంటుందో అలా. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు దీన్నే ఇంకో వైపు తిప్పారు. మనుషులంతా సమానమే అంటూ చిన్నాపెద్దా అందరినీ దౌ అన్నారు, దానికి తగ్గట్టు తిట్లూ తిన్నారు. మరి దేవుణ్ణి దౌ అనడమేంటి అంటారా? మనం రాముణ్ణి ‘మీరు రండి’ అని ఎప్పుడైనా పిలిచామా?

షేక్‌స్పియర్ నాటకంలో జూలియెట్ అనే ‘వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో’ కూడా ఈ కోవలోదే. ‘రోమియో, ఎక్కడున్నావు’ అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వేర్‌ఫోర్ అంటే ఎందుకు అని. ‘ఎందుకు రోమియోవయ్యావు’ అన్నది ఆ పిల్ల గోడు, వాళ్ళ ఇంటిపేర్లకే కదా గొడవంతా.

ఏం చదవాలో కూడా అడిగారు. జాబితాలు బట్టీ పట్టకండి, నేను పట్టి చూశాను, నిలవలేదు. తెలిసిన పదమే అయినా వాక్యం తిక్కగా అనిపించిన చోట ఆగండి. ఆగాక ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు చూడండి. 1884లో మొదటి భాగం వచ్చినప్పటి నుంచీ దాని పద్ధతి ఒకటే: ప్రతి అర్థం కిందా అది ఏ ఏట ఎవరి రాతలో కనబడిందో తేదీల వరసలో ఇస్తారు. మీ పుస్తకం ఏ కాలానిదో తెలిస్తే సరైన అర్థం దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు.

పాత పుస్తకాలతో మాకేం పని అనేవాళ్ళు ఇంట్లో ఉన్న పాస్‌పోర్ట్ తెరవండి. రాష్ట్రపతి పేరుతో ఉన్న విన్నపంలో, ఈ మనిషిని ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్’ పోనివ్వమని ఉంటుంది. నా పాస్‌పోర్ట్ వచ్చిన రోజు మావయ్య అది చదివి, ‘లెట్ అంటే పోనివ్వడం, వితౌట్ లెట్ అంటే పోనివ్వకుండా, చూడరా, గవర్నమెంటు కాగితంలోనే ప్రింటింగ్ మిస్టేక్’ అన్నారు. నేనూ అవునన్నాను. అది తప్పు కాదు. పాత ఇంగ్లీషులో దాదాపు ఒకేలా వినబడే రెండు క్రియలుండేవి, ఒకటి పోనివ్వడం, ఇంకోటి అడ్డుకోవడం. రెండూ నలిగి నలిగి లెట్ అయ్యాయి. అడ్డుకునే లెట్ ఇప్పుడు ఇలాంటి లీగల్ మాటల్లోనూ, సర్వీస్ బంతి నెట్‌కి తగిలితే టెన్నిస్ అంపైర్ అరిచే ‘లెట్’‌లోనూ మిగిలింది. ఈ సంగతి నాకు తెలిసి పదేళ్ళవుతోంది. మావయ్య మాత్రం ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళకు ఆ ప్రింటింగ్ మిస్టేక్ చూపిస్తూనే ఉన్నారు.