బాబు జేబులో ఏలకుల పొట్లం

ప్రశ్న: మా ఆయన, నేను ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. నాన్న పోయాక మూడేళ్లుగా అమ్మ మా దగ్గరే ఉంటోంది. ఒకటో తరగతి చదివే మా బాబుని ఆవిడే చూసుకుంటుంది. స్కూలు నుంచి వస్తూ ఇద్దరూ సూపర్‌మార్కెట్‌కి వెళ్లి సరుకులు తెస్తారు. నేను లెక్కగా డబ్బిస్తాను, మిగిలింది చిల్లరతో సహా తిరిగి ఇచ్చేస్తుంది. "మీ అమ్మగారి పొదుపు చూసి నేర్చుకో" అంటారు మా ఆయన. పోయిన వారం ఉతకబోతే బాబు నిక్కరు జేబులో ఏలకుల పొట్లం దొరికింది. బిల్లులో లేదు. గట్టిగా అడిగితే "బిల్లు దగ్గర జేబు మీద చెయ్యి పెట్టుకోవద్దంది అమ్మమ్మ. మా ఇద్దరి సీక్రెట్" అన్నాడు. చాలాసార్లు జరిగిందట. వాడికి దొంగతనం అలవాటైపోతుందేమోనని నిద్ర పట్టడం లేదు. సైకాలజిస్టుకి చూపించాలా? అమ్మని అడిగితే బాధపడుతుంది. మా ఆయనకి తెలిస్తే ఆవిడ ఈ ఇంట్లో తలెత్తుకోలేదు.
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: బాబుని ఎవరికీ చూపించనక్కర్లేదమ్మా. వాడికి ఏ అలవాటూ కాలేదు. అన్నం తినమంటే తిన్నట్టే, జేబులో పెట్టుకోమంటే పెట్టుకున్నాడు. ఉత్తరమంతా వాడి గురించి రాశారు గానీ, అసలు సంగతి మరో వాక్యంలో ఉంది: "మిగిలింది చిల్లరతో సహా తిరిగి ఇచ్చేస్తుంది."

మీ అమ్మగారి చేతిలో తనదంటూ నెలకి ఎంత ఉంటుంది? ఆ మాట ఎక్కడా రాయలేదు. వంట, పిల్లాడు, సరుకులు అన్నీ ఆవిడవే. కూతురింట్లో, అల్లుడి ముందు, తాను భారం కాదని రోజూ రుజువు చేసుకుంటూ బతుకుతోంది. ఆ రుజువే ఈ మిగులు. మీ ఆయన మెచ్చుకున్న కొద్దీ అది తగ్గకూడదు. ఏలకులు అందుకు సరిగ్గా సరిపోయే వస్తువు: చిన్న పొట్లం, పెద్ద ధర, చప్పుడు చెయ్యదు. సంచులు గేటు దగ్గర పెట్టించుకుంటారు, వెళ్లేటప్పుడు బిల్లు చూసి ముద్ర వేస్తారు, పిల్లల జేబులు మాత్రం ఎవరూ తడమరు. ఇది ఆవిడకి తెలుసు. తెలిసే చేసింది. అభిమానం ఎంతటిదైనా మనవడి జేబు దానికి అడ్డం పెట్టుకోకూడదు.

మీ అమ్మగారు బాధపడతారన్నది సాకు. "అయితే రేపట్నుంచి నీ పిల్లాణ్ణి నువ్వే చూసుకో" అంటుందని మీ భయం. అందుకే ముందు ఆ భయం తీర్చుకోండి. ఇంటి దగ్గర్లో స్కూలు వదిలినప్పటి నుంచి మీరు వచ్చేదాకా ఉంచుకునే డే కేర్ చూసి, ఫీజు కనుక్కోండి. చేర్పించకపోయినా ఫర్వాలేదు. వేరే దారి ఉందని తెలిస్తేనే మీ గొంతు వణక్కుండా ఉంటుంది.

తర్వాత, బాబు ఇంట్లో లేనప్పుడు ఆవిడతో ఒంటరిగా మాట్లాడండి. మూడు మాటలు చాలు. "బాబు జేబులో ఏలకులు చూశాను. ఇకమీదట నువ్వు వాణ్ణి షాపుకి తీసుకెళ్లొద్దు. ఈ సంగతి ఆయనకి నేనే చెబుతాను." వెంటనే "వాడే వేసుకున్నాడు" అనవచ్చు. అక్కడ మెత్తబడొద్దు, ఆ మాట ఒప్పుకుంటే తప్పంతా ఆరేళ్లవాడి నెత్తిన పడుతుంది. ఏడిస్తే ఏడవనివ్వండి, పక్కనే కూర్చోండి. మీ ఆయనకి ఆ రాత్రే చెప్పండి, ఆలస్యమైతే మీరూ ఆ సీక్రెట్‌లో భాగస్తులవుతారు. వాళ్లిద్దరి మధ్యా పంచాయితీ పెట్టొద్దు.

ఆవిడ స్వభావానికే విరుద్ధంగా ఈ మధ్యే మొదలై, మాటతీరు, మొహమాటం, తిండి కూడా మారి ఉంటే న్యూరాలజిస్టుకి చూపించండి. మెదడు ముందుభాగం దెబ్బతినే ఒక రకం డిమెన్షియాలో ఇలా జరుగుతుంది. పార్కిన్సన్స్‌కి వాడే కొన్ని మాత్రల వల్ల కూడా మనసు అదుపు తప్పడం ఉంది. అయితే "చెయ్యి పెట్టుకోవద్దు" అని నేర్పించి మరీ చేయించడం జబ్బులా కాక, ఆలోచించి చేసిన పనిలా కనిపిస్తోంది.

బాబు విషయంలో నన్ను భయపెట్టింది "మా ఇద్దరి సీక్రెట్" అన్న మాట. పిల్లల్ని పాడుచేసేవాళ్లు వాడే మాట కూడా అదే. పడుకోబెట్టేటప్పుడు ఒక్కసారి చెప్పండి: "అది అమ్మమ్మ తప్పు, నీది కాదు. అమ్మకి చెప్పొద్దు అని ఎవరన్నా సరే, అది ముందు అమ్మకే చెప్పాలి." ఇంకేం తెచ్చారో నెమ్మదిగా అప్పుడే అడగండి. చాక్లెట్ లోపలే తినిపించి కాగితం అక్కడే పడేయడం, తూకం స్టిక్కర్ అంటించాక కవర్లో ఇంకో రెండు కాయలు వేయడం లాంటివీ బయటపడవచ్చు. మళ్లీ మళ్లీ అడగొద్దు. రోజూ జేబులు వెతికితే దాచడం నేర్చుకుంటాడు. చుట్టాల ముందు నవ్వుతూ కూడా "దొంగ" అనొద్దు.

షాపుకి మీరే వెళ్లండి, బాబు లేకుండా, జనం పలచగా ఉన్న పొద్దుటిపూట. సెక్యూరిటీతో కాదు, మేనేజరుతో మాట్లాడండి. ఏమేం వచ్చాయో కాగితం మీద రాసుకెళ్లి, విప్పనివి తిరిగిచ్చి, వాడేసినవాటికి బిల్లు వేయించి డబ్బు కట్టండి. ఆయన కోప్పడవచ్చు, ఫిర్యాదు చేస్తాననీ అనవచ్చు. ఆ మాట పడాల్సింది మీరు, పిల్లాడు కాదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల లోపు పిల్లలు చేసింది నేరం కాదు. పిల్లల్ని నేరానికి వాడుకున్న పెద్దవాళ్లకి మాత్రం 95వ సెక్షన్ కింద కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా పదేళ్ల జైలు, జరిమానా కూడా. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 83వ సెక్షన్‌లో ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, 5 లక్షల జరిమానా ఉన్నాయి. "ఏలకుల పొట్లమేగా" అని మీ అమ్మగారు అంటే ఈ అంకెలు చెప్పండి.

ఒకటో తారీకున సరుకుల డబ్బుతో కలపకుండా ఆవిడ పేరున కొంత వేయండి. ఎంతైనా సరే, లెక్క అడగొద్దు. ఆవిడ మిగిల్చి తిరిగిస్తే తీసుకోవద్దు. సరుకులు కొన్నాళ్లు ఆదివారం మీరే తెండి, బాబుని వెంట తీసుకెళ్లి ఒక్కో వస్తువూ వాడి చేతే బిల్లు కౌంటర్ మీద పెట్టించండి. ఆ బీప్ శబ్దం వినిపించాకే సంచిలో వేయమనండి. ఏలకులు కూడా.