వేడి చేస్తే చీము రాదు తమ్ముడూ

"అంగం నుంచి పసుపుపచ్చగా చీములాంటిది వస్తోంది, పాస్‌కి వెళ్తే మంట, ఎండల వల్ల వేడి చేసిందా, ఏ మాత్ర వాడాలి?" అని అడిగావు. వేడి కాదు, కలయిక వల్ల అంటుకునే గనేరియా లాంటి సుఖవ్యాధి కావచ్చు. వైజాగ్ ఎండకి నీళ్లు తాగకపోతే పాస్ పచ్చగా వస్తుంది, కాస్త మండుతుంది కూడా. చీము మాత్రం రాదు. మనవాళ్లకి నోటిపూత నుంచి కళ్లకలక దాకా అన్నిటికీ ఒకటే రోగం, వేడి!

గాజువాకలో రూమ్‌లో ఉండేటప్పుడు నా రూమ్మేట్‌కి అచ్చం ఇలాగే వచ్చింది. బకెట్లో నానేసిన బట్టల్లో వాడి డ్రాయర్ ముందువైపు అట్టకట్టిన పచ్చటి మరక. "ఏట్రా ఇది?" అంటే "వేడి చేసిందిరా" అన్నాడు. ఇక చూడాలి వైద్యం! బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, కొబ్బరిబొండాలు, చికెన్ బంద్. అదీ అయ్యాక మెడికల్ షాపు. కౌంటర్లో కుర్రాడు ఒక్క మాట అడక్కుండా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ చేతిలో పెట్టాడు. గనేరియా క్రిములు ఆ మందుకి ఏనాడో మొండికేశాయని అతనికెవరు చెప్తారు? రెండ్రోజులు తగ్గినట్టే ఉండి, ఒకవైపు వృషణం వాచిపోయి, మనిషి కాళ్లు ఎడం పెట్టి నడవడం మొదలెట్టాడు.

అప్పుడు లాక్కెళ్లాను వైజాగ్ ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి, చర్మవ్యాధుల ఓపీకి. డాక్టరమ్మ "బయట ఎవరితోనైనా కలిశావా?" అంటే వీడు నా మొహం చూశాడు. నేను బయటికొచ్చేశాను. తర్వాత వాడే చెప్పాడు. చీము కాస్త స్లైడు మీద రాసి, రంగు వేసి, మైక్రోస్కోప్‌లో వీణ్ణే చూడమందట. చీముకణాల లోపల జంటలు జంటలుగా గులాబిరంగు చుక్కలు, అవే గనేరియా క్రిములు. "ఇవి వేడికి పుడతాయా నాయనా?" అందట.

తుంటికి సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ ఒకటి. గనేరియాకి తోడు అలాగే అంటుకునే క్లామీడియా అనే జబ్బు కూడా చాలామందికి ఉంటుంది కాబట్టి డాక్సీసైక్లిన్ మాత్రలు. వృషణం వాచింది కనక వాడికి ఎక్కువ రోజులు రాశారు, లేకపోతే మామూలుగా 7 రోజులు. హెచ్ఐవీ, సిఫిలిస్‌కి రక్తపరీక్ష కూడా చేశారు. చీము చిక్కగా, సంపర్కం అయిన 2 నుంచి 5 రోజుల్లో వస్తే ఎక్కువగా గనేరియానే. పల్చగా, తెల్లగా, వారం రెండు వారాలకి వస్తే క్లామీడియా లాంటివి. కానీ రంగు చూసి నీకు నువ్వే తేల్చేసుకోకు. షుగర్ ఉన్నవాళ్లకి ముందుచర్మం కింద దురదతో తెల్లగా పేరుకునేది వేరే కథ, అది ఫంగస్. కోరిక కలిగినప్పుడు వచ్చే జిగురు అసలు రోగం కాదు. దాన్ని "ధాతువు పోతోంది" అని బెదిరించి లాడ్జి గదుల్లో వేలకు వేలు గుంజే పోస్టర్లు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ప్రతి గోడ మీదా ఉంటాయి, అవి చింపేవాడే లేడు.

అసలు గొడవ మందు దగ్గర రాలేదు. "మీ ఆవిణ్ణి తీసుకురా" అన్నారు, అక్కడ. "దానికేటీ లేదండి, బాగానే ఉంది" అంటాడు. బాగానే ఉంటుంది! ఆడవాళ్లలో చాలామందికి పైకి ఏమీ కనపడదు. లోపల గర్భాశయం, ట్యూబులు దెబ్బతినొచ్చు, పిల్లలు పుట్టకపోవచ్చు. అప్పుడు ఊళ్లో గొడ్రాలనేది ఆమెనే, గుళ్ల చుట్టూ తిరిగేది ఆమే, మొగుడు మాత్రం దర్జాగా కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చివరికి ఊరి నుంచి ఆమెని రప్పించాం, ఆమెకీ మందులిచ్చారు. భార్యాభర్తలిద్దరి మందులూ పూర్తయ్యేదాకా కలవకూడదు, లేకపోతే ఒకరిది ఒకరికి మళ్లీ అంటుకుంటుంది.

నువ్వు రేపే వెళ్లు. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో దీనికి సురక్ష క్లినిక్ అని ఉంటుంది, మందులు ఉచితం. ఈలోపు ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ఏదీ మింగకు, పరీక్షలో క్రిమి దొరకదు. వెళ్లే ముందు ఓ రెండు గంటలు పాస్ ఆపుకో, శాంపిల్ బాగా వస్తుంది.