సీఎన్‌సీ మెషిన్ సొంతంగా చేసుకుంటే నిజంగా కలిసొస్తుందా?

ప్రశ్న: చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాను. ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మెషిన్, చేత్తో తిప్పే చిన్న మిల్లింగ్ మెషిన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని చెక్కేది) ఉన్నాయి. ఇద్దరు పనివాళ్లు. సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ నడిపే మిల్లింగ్ కావలసిన పనులు వస్తే బయట షాపుకిచ్చి చేయిస్తున్నాను. కొత్త మెషిన్ కొనే స్తోమత లేదు. విడిభాగాలు తెచ్చుకుని నేనే తయారు చేసుకుంటే దాని ధరలో మూడో వంతు కూడా కాదని లెక్క తేలింది. వారానికి ఐదు రోజులు మధ్యాహ్నం రెండు గంటలు కూర్చుంటే మూడు నెలల్లో అయిపోతుంది. పాప పైచదువు కోసం వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇంకో రెండేళ్లకు మెచ్యూర్ అవుతుంది. దాన్ని ఇప్పుడే తీసేసి, తగ్గింది పర్సనల్ లోన్‌తో సర్దుదామనుకుంటున్నాను. బయటికిచ్చే డబ్బు మిగులుతుంది కనుక ఏడెనిమిది నెలల్లో పెట్టింది వెనక్కి వస్తుంది. విడిభాగాల పట్టిక, పన్నెండు నెలల బిల్లులు, లేత్ మీద నా గంట రాబడి జతచేశాను. చేయమంటారా?

జవాబు: డిపాజిట్ జోలికి వెళ్లకండి. లోనూ వద్దు. ఈ రెండూ పక్కన పెట్టాకే మెషిన్ సంగతి మాట్లాడుకుందాం.

మీరు జతచేసిన పట్టిక చూశాను. నీమా 23 సైజు స్టెపర్ మోటార్లు (అడుగులు అడుగులుగా తిరిగేవి), 16 మి.మీ. బాల్‌స్క్రూలు (టేబుల్‌ను లూజు లేకుండా జరిపే మరలు), 2.2 కిలోవాట్ల వాటర్ కూల్డ్ స్పిండిల్ (కట్టర్‌ను తిప్పేది), దానికి వీఎఫ్‌డీ (వేగం మార్చే పెట్టె), లీనియర్ రైళ్లు (కదిలే భాగాలు జారే పట్టాలు), చివరికి బోల్టులు, నట్లు కూడా వదలకుండా రాశారు. మీ అసలు మొత్తాలను నలుగురిలో పెట్టడం ఎందుకని, కొత్త మెషిన్ ధరను 100 అనుకుని మిగతావన్నీ ఆ లెక్కలోకి మార్చాను. అలా చూస్తే మీ విడిభాగాల ఖర్చు 30. బయట షాపుకు నెలకు సగటున ఇస్తున్నది 4. ముప్పయిని నాలుగుతో భాగిస్తే ఏడున్నర నెలలు. మీ భాగహారంలో తప్పు లేదు. పై అంకె, కింది అంకె రెండూ తప్పు.

ముందు పై అంకె చూద్దాం. పట్టికలో మెషిన్ ఉంది గానీ, ఆ మెషిన్‌తో పని చేయడానికి కావలసినవి లేవు. ముక్కను పట్టి ఉంచే వైస్ లేదు. కట్టర్‌ను బిగించే కోలెట్లు, ఎండ్ మిల్లులనే కట్టర్లు లేవు. సన్నని తేడాలు కొలిచే డయల్ ఇండికేటర్ మీ దగ్గర ఇప్పటికే ఉందేమో, ఉంటే సంతోషం. రజను కళ్లల్లో పడకుండా చుట్టూ కవర్, కూలెంట్ పంపు, కదలిక హద్దుకు చేరితే ఆపే లిమిట్ స్విచ్‌లు, ఎమర్జెన్సీ స్టాప్, కంట్రోల్ బాక్స్, షీల్డెడ్ కేబుల్, వైరింగ్ చూసే ఎలక్ట్రీషియన్ కూలి, వీటిలో ఏదీ కనబడలేదు. ఒక్కొక్కటీ చిన్నదే, అందుకే ఎవరి పట్టికలోకీ ఎక్కదు. అన్నీ కలిపితే మాత్రం మీ 30లో మూడో వంతు దాకా వస్తాయి.

దీనికి తోడు, చేసిందే మళ్లీ చేయడం. సొంతంగా కట్టుకునే మెషిన్లకు ఇది ఎక్కువగా ఫ్రేమ్ దగ్గర వస్తుంది. మీరు అల్యూమినియం ఎక్స్‌ట్రూజన్‌తో (అచ్చులోంచి తీసిన కడ్డీలతో) కట్టాలనుకున్నారు. చెక్కకు, ప్లాస్టిక్‌కు అది చాలు. లోహం కోసేటప్పుడు కట్టర్ మీద పడే ఒత్తిడి మొత్తాన్ని ఫ్రేమే మోయాలి. అడ్డంగా వేసిన దూలం పొడవు రెండింతలైతే అదే బరువుకు వంపు ఎనిమిదింతలవుతుంది. పెద్ద టేబుల్ వస్తుందని ఆ అడ్డ దూలాన్ని, అంటే గ్యాంట్రీని, ఓ జానెడు పెంచిన వాళ్లు, ఆ తర్వాత కట్టర్ అదిరి, ముక్క మీద గీతలు పడి, మందపాటి స్టీలు పలకలు తెచ్చి మళ్లీ మొదటికి వస్తారు. ఫ్రేమ్ మారితే రైళ్లు కూర్చునే చోటు మారుతుంది, బ్రాకెట్లు మారతాయి, డ్రిల్ చేసిన రంధ్రాలు వృథా అవుతాయి. చేసుకునే పని ఏదైనా నేను అంచనాలో కనీసం ఆరో వంతు ఇలాంటివాటికి కలుపుతాను. మీ విషయంలో ఇది 5. పట్టికలో లేని సరంజామా 10. మొత్తం ఖర్చు 45 అయింది.

మీ టైమ్ ఇంకా కలపలేదు. మూడు నెలలంటే రోజుకు రెండు గంటల చొప్పున 120, 130 గంటలు. విడిభాగాలు బిగించడానికైతే సరిపోవచ్చు. డ్రాయింగ్, కొలతలు, రైళ్లు రెండూ సమాంతరంగా కూర్చోబెట్టడం, స్పిండిల్ టేబుల్‌కు నిట్టనిలువుగా ఉండేలా సరిచూడడం, వీఎఫ్‌డీ నుంచి వచ్చే ఎలక్ట్రికల్ నాయిస్‌కు లిమిట్ స్విచ్‌లు ఊరికే తట్టినట్టు మెషిన్ ఆగిపోతుంటే కారణం వెతకడం, సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం, ఇవన్నీ కలిపి 400 గంటలు వేసుకోండి. వారానికి పది గంటలైతే అది తొమ్మిది నెలల పైమాటే, పది అనుకోండి. ఆ రెండు గంటలు మీరు లేత్ మీద ఉంటే ఎంత వస్తుందో మీ లేఖలోనే ఉంది: గంటకు 0.05. నాలుగు వందల గంటలకు 20. పని లేని వేళల్లో, సెలవు రోజుల్లో చేస్తాననేవారికి ఈ 20లో చాలా భాగం తీసేయవచ్చు. మీరు షాపు నడిచే మధ్యాహ్నాల్లోనే చేస్తానన్నారు కాబట్టి తీసేయను. 45కు 20 కలిపితే 65.

ఇక కింది అంకె. బయటికిచ్చే 4 మొత్తం మిగలదు. మీ బిల్లుల్లో నాలుగో వంతు స్టీలు పని. మీరు ఎంచుకున్న స్పిండిల్ నిమిషానికి 24,000 చుట్లు తిరిగే రకం. అల్యూమినియంలో 6 మి.మీ. కార్బైడ్ కట్టర్‌కు దాదాపు 16,000 చుట్లు కావాలి, అక్కడ ఈ స్పిండిల్ హాయిగా పనిచేస్తుంది. అదే మైల్డ్ స్టీల్‌లో 10 మి.మీ. కార్బైడ్ కట్టర్ అనుకోండి, 3,000 చుట్లు చాలు. ఈ రకం స్పిండిల్ వేగం ఎనిమిదో వంతుకు దిగితే దాని శక్తి కూడా ఇంచుమించు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 2.2 కిలోవాట్లనుకున్నది పావు కిలోవాట్ దగ్గర ఉంటుంది. కాబట్టి స్టీలు పని బయటికి వెళ్తూనే ఉంటుంది. మిగిలిన 3లో కరెంటు, కట్టర్లు, పాడయ్యే మెటీరియల్, ప్రోగ్రామ్ రాసే టైమ్ కింద పావు భాగం తీస్తే చేతికి మిగిలేది నెలకు 2.25.

65ను 2.25తో భాగిస్తే 29 నెలలు. దానికి ముందు తయారీకి పది నెలలు. మొత్తం మూడేళ్ల మూడు నెలలు. మీరనుకున్నది ఏడున్నర నెలలు.

కొత్త మెషిన్‌కూ ఇదే లెక్క కట్టాను. 100కు తోడు కట్టర్లు, వైస్ వగైరా 10. స్టీలు కూడా చేస్తుంది కనుక నెలకు 3.1 మిగులుతుంది. వడ్డీ కలపకుండా 36 నెలలు. సొంతంగా కట్టిన దానికీ దీనికీ తేడా మూడు నెలలే, వడ్డీ కలిపితే ఆ తేడా కూడా అటూఇటూ అవుతుంది. అయినా దీన్నీ ఇప్పుడు కొనమని చెప్పను. నెలకు 4 అనేది సగటు. మీ పన్నెండు నెలల బిల్లుల్లో రెండు నెలలు 1.5 దాటలేదు. ఆ నెలల్లో ఈఎంఐ ఎక్కడి నుంచి కడతారు?

అప్పు వద్దని అంత గట్టిగా ఎందుకన్నానో చెబుతాను. తయారైన మెషిన్‌ను అప్పు మీద కొంటే ఇన్వాయిస్ ఉంటుంది, వారంటీ ఉంటుంది, మోడల్ నంబర్ ఉంటుంది. అప్పిచ్చేవాళ్లు ఆ మెషిన్‌నే హామీగా తీసుకుంటారు, వడ్డీ ఆ మేరకు తగ్గుతుంది. రేపు పని తగ్గితే ధర పడినా సరే, ఎవరో ఒకరు కొంటారు. మీరు కట్టిన మెషిన్‌ను మీరు తప్ప ఎవరూ నమ్మరు. అది ఎంత బాగా కోసినా కొనేవాడికి అది మోటార్లు, రైళ్లు, స్పిండిల్ విడివిడిగా అమ్మితే వచ్చే డబ్బే. అందుకే దాని మీద మామూలు మెషినరీ లోన్ పుట్టడం కష్టం, చివరికి ఎక్కువ వడ్డీ ఉండే పర్సనల్ లోన్ దగ్గరకే వెళ్తారు. పైగా ఈఎంఐ మొదటి నెల నుంచే మొదలు, మెషిన్ మొదటి ముక్క కోసేది పదకొండో నెలలో. డిపాజిట్ సంగతి మరీ సూటి: పాప ఫీజు రెండేళ్లకు కట్టాలి, పెట్టింది వెనక్కి రావడానికి మూడేళ్లు దాటుతోంది.

మీ లేఖలో ఒక చోట మీరే సమాధానం రాసి, చూసుకోకుండా వెళ్లిపోయారు. చేత్తో తిప్పే మిల్లింగ్ మెషిన్ ఉందన్నారు. ఫ్రేమ్ అంటే అదే. పోత ఇనుముతో చేసి, అమర్చి, సరిచూసిన ఫ్రేమ్ మీ షెడ్డులో ఇప్పటికే ఉంది. దానికి మోటార్లు, బాల్‌స్క్రూలు, కంట్రోలర్ పెట్టి సీఎన్‌సీగా మార్చుకోవచ్చు. స్పిండిల్, వీఎఫ్‌డీ, రైళ్లు, ఎక్స్‌ట్రూజన్ అన్నీ పట్టికలోంచి ఎగిరిపోతాయి. మీ ధరలతోనే చూస్తే భాగాలు 14. వైస్, కట్టర్లు, కవర్, వైరింగ్ 9. వంద గంటల పని అనుకుంటే 5. మొత్తం 28. స్పిండిల్ వేగం తక్కువ కాబట్టి అల్యూమినియం నెమ్మదిగా కోస్తుంది, చిన్న కట్టర్ల పని కొంత బయటికే పోతుంది. దానికి బదులు స్టీలు పని కొంత ఇంట్లోకి వస్తుంది. నెలకు 1.8 మిగులుతుందని జాగ్రత్తగా వేశాను. తయారయ్యాక 16 నెలలు. ఆదాయం తక్కువే, కానీ మీ శ్రమతో సహా పెట్టేది కూడా సగం కన్నా తక్కువ.

ఒక చోట మాత్రం పొదుపు చేయవద్దు. చేతి మెషిన్‌లో ఉండే మామూలు లీడ్‌స్క్రూను (టేబుల్‌ను జరిపే మరను) అలాగే ఉంచి మోటార్ బిగిస్తే డబ్బు మిగిలినట్టే కనిపిస్తుంది. చేత్తో తిప్పేటప్పుడు స్క్రూలోని లూజు మీ చేతికి తెలుస్తుంది, ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకు వస్తారు. కంప్యూటర్ గుండ్రంగా కోసేటప్పుడు ప్రతి చుట్టుకూ దిశ మారుతూనే ఉంటుంది, మారిన ప్రతి చోటా ముక్క మీద మెట్టు పడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో సర్దుబాటు ఉన్నా, కట్టర్ లాగే బలానికి టేబుల్ కదలడాన్ని అది ఆపలేదు. బాల్‌స్క్రూ కొనండి. సీ7 గ్రేడు చాలు, 300 మి.మీ. పొడవుకు 0.05 మి.మీ. లోపు తేడా అంటే మీ పనులకు సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ దగ్గర ఎంత పొదుపు చేసినా నాకు అభ్యంతరం లేదు. లినక్స్‌సీఎన్‌సీ, జీఆర్‌బీఎల్ రెండూ ఉచితం. మొదలుపెట్టే ముందు టేబుల్ జారే డవ్‌టెయిల్ గాడులు ఎంత అరిగాయో మాత్రం డయల్ పెట్టి చూడండి. టేబుల్ మధ్యలో వదులుగా, చివర్లలో బిగుతుగా కదులుతుంటే బాగా అరిగినట్టే. అప్పుడు ఈ లెక్క చెల్లదు, ఆ మెషిన్ మీద కొత్త ఖర్చు పెట్టకండి.

28లో మీ శ్రమ పోను నగదు 23. దీన్ని షాపు లాభంలోంచే మూడు విడతలుగా తీయండి. మొదటి విడతలో వైస్, కట్టర్లు, డయల్ కొనండి, అవి ఈ రోజు నుంచే చేతి మెషిన్ మీదా పనికొస్తాయి, రేపు మనసు మారినా పోయేదేమీ లేదు. తర్వాత కంట్రోలర్, ఒక్క యాక్సిస్ (ఒక దిశలో కదలిక) భాగాలు. అది టేబుల్ మీద సరిగ్గా తిరిగి, మీ గంటల అంచనాకు రెట్టింపు దాటకపోతేనే మిగతావి. ఇంటి ఖర్చుకు ఆరు నెలలు, షాపు మెటీరియల్‌కు, జీతాలకు మూడు నెలలు సరిపడే డబ్బు విడివిడిగా ఉండాలి. ఈ రెండు నిధులూ నిండకుండా మొదటి విడత కూడా వద్దు. చేతి మెషిన్ విప్పితే కొన్ని వారాలు పని ఆగుతుంది కనుక మీ బిల్లుల్లో కనిపించిన ఆ రెండు మందకొడి నెలల్లో పెట్టుకోండి.

మెషిన్ కట్టడమంటేనే ఇష్టం, లాభం వచ్చినా రాకపోయినా చేస్తాను అంటారా, అది వేరే సంగతి. లేఖలో ఆ ఉత్సాహం కనబడుతూనే ఉంది. అప్పుడు దాన్ని సరదా ఖర్చుల్లో రాసుకోండి, షాపు పుస్తకంలో రాయకండి. సరదాకు తిరిగి వచ్చే గడువు లెక్కపెట్టనవసరం లేదు.

కస్టమర్లకు మాటిచ్చేటప్పుడు జాగ్రత్త. మామూలు స్టెపర్ మోటార్ ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. ఒక చుట్టుకు 5 మి.మీ. జరిపే స్క్రూతో ఒక్కో అడుగుకు 0.025 మి.మీ. ఒక్కో అడుగును ముక్కలు చేసే మైక్రోస్టెప్పింగ్ పదికి పెడితే తెర మీద 0.0025 కనిపిస్తుంది. ఆ అంకె చూసి కొటేషన్‌లో అంత టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) రాస్తే, తిరిగొచ్చే ముక్కల ఖర్చు నా లెక్కల్లో ఎక్కడా లేదు. మీ షాపు బీమా పాలసీ తీసి చూడండి, సొంతంగా వైరింగ్ చేసిన మెషిన్ వల్ల నష్టం వస్తే, పనివాడికి దెబ్బ తగిలితే వర్తిస్తుందా అని బీమా సంస్థను రాతపూర్వకంగా అడగండి.

నేను వేసిన 1.8 మీ పాత బిల్లుల మీద కట్టిన అంచనా. బిల్లులో మొత్తం ఉంటుంది, ముక్క సైజు, లోహం, పట్టిన గంటలు ఉండవు. ఈ వారం నుంచి బయటికిచ్చే ప్రతి పనికీ ఆ మూడూ ఒక పుస్తకంలో రాయండి. ఆరు నెలల తర్వాత, మార్చిన మెషిన్ చేయగలిగినవేవో టిక్ పెట్టి కూడండి. నెలకు 1.8 దగ్గర తేలితే రెండో విడత కొనండి. 1.2కు పడితే తిరిగి రావడానికి 23 నెలలు పడుతుంది, అప్పుడు బయట షాపుతో ఏడాదికి సరిపడా పని ఒకేసారి ఒప్పుకుని రేటు తగ్గించమని అడగడమే మీకు నయం.