నొప్పి తగ్గిన పంటికి రూట్ కెనాల్ ఎందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: పాడైన పన్ను బాగుచేయించుకోవాలా, పీకించేసుకోవాలా, నొప్పి లేదు కాబట్టి అలా వదిలేయాలా అని. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, పేర్లు తీసేసి ఇస్తున్నాను. మొదటి జవాబు పెద్దదే, కానీ మిగతావి అర్థం కావాలంటే అది చదవాలి.

ప్రశ్న: డాక్టర్ గారూ, కింది దవడ పన్ను కొన్ని నెలల కిందట రాత్రుళ్ళు నిద్ర లేకుండా సలిపింది. యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు తెచ్చుకుని వాడాను, వారంలో తగ్గింది. ఇప్పుడు చల్లటి నీళ్ళు తగిలినా ఏమీ అనిపించడం లేదు. వేరే పంటి కోసం వెళ్తే ఎక్స్‌రే తీసి, దీనికే రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలంటున్నారు. నొప్పే లేనప్పుడు ఎందుకండీ?

జవాబు: మీకు నొప్పి తగ్గింది పన్ను బాగుపడి కాదమ్మా, లోపల నరం చచ్చిపోయి. చాలామంది ఇక్కడే మోసపోతారు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

పంటి పైపొర ఎనామెల్. ఒంట్లో అంతకన్నా గట్టి పదార్థం లేదు, బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అయితే దాన్ని తయారుచేసిన కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే పోతాయి. చర్మం తెగితే పూడుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎనామెల్‌కి గుంట పడితే మాత్రం ఒళ్ళు దాన్ని పూడ్చలేదు. ఫిల్లింగ్ దగ్గర్నుంచి ఇంప్లాంట్ దాకా ఇన్ని రకాల చికిత్సలు పుట్టింది ఈ ఒక్క కారణం వల్లే. ఎనామెల్ కింద డెంటిన్ ఉంటుంది, అది మెత్తన, నిండా కంటికి కనిపించని సన్నటి గొట్టాలు. పుచ్చు అక్కడికి చేరిందంటే వేగం పెరుగుతుంది, పక్కలకీ పాకుతుంది. అందుకే పైన సూది మొనంత రంధ్రం కనిపించే పన్ను, లోపల చెదపట్టిన తలుపులా డొల్లగా ఉంటుంది. 'చిన్న చుక్కే కదా, డాక్టరు ఇంత పెద్దగా తవ్వేశారేంటి' అని బాధపడేవాళ్ళకి కూడా ఇదే జవాబు.

డెంటిన్ మధ్యలో ఉండేది పల్ప్. మనం నరం అంటాం గానీ, అందులో నరాలతో పాటు రక్తనాళాలూ ఉంటాయి. ఒంట్లో ఇంకెక్కడ వాచినా ఉబ్బడానికి కాస్త చోటు ఉంటుంది. పల్ప్ చుట్టూ ఉన్నవి గట్టి గోడలు, కాబట్టి వాపు వస్తే లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. పడుకుంటే తలవైపు రక్తపు ఒత్తిడి ఎక్కువై పోటు ఇంకా పెరుగుతుంది, మీకు రాత్రుళ్ళు నిద్ర పట్టనిది అందుకే. చల్లటిది తగిలి జివ్వుమని, క్షణాల్లో తగ్గిపోతుంటే నరం ఇంకా కోలుకోగలదని అర్థం, అప్పుడు వెళ్తే చాలాసార్లు ఫిల్లింగ్‌తోనే పోతుంది. తగిలాక నిమిషాల తరబడి లాగుతున్నా, ఏమీ తగలకుండానే నొప్పి నిద్ర లేపుతున్నా ఆ దశ దాటిపోయినట్టే. ఆ తర్వాత నరం చచ్చిపోతుంది, నొప్పి ఆగుతుంది, మనిషి హమ్మయ్య అనుకుంటాడు. లోపల చచ్చిన పదార్థంలో మాత్రం సూక్ష్మజీవులు పెరుగుతూ, వేరు చివర నుంచి దవడ ఎముకలోకి దిగుతాయి. మీ డాక్టరు గారికి ఎక్స్‌రేలో బహుశా వేరు చివర నల్లటి నీడ కనిపించి ఉంటుంది, అది ఎముక కరిగిన చోటు.

యాంటీబయాటిక్ గురించి గట్టిగానే చెప్పాలి. ఏ మందైనా రక్తంలో కలిసే అక్కడికి వెళ్ళాలి, చచ్చిన పల్ప్‌లో రక్తం ఆడదు, ఇక మందు లోపలికి ఎలా వెళ్తుంది? ముఖం వాచినప్పుడు, జ్వరం ఉన్నప్పుడు మేమూ రాస్తాం, కానీ అది చికిత్సకి తోడుగానే. వాపు దవడ కిందకీ గొంతు వైపుకీ దిగుతున్నా, నోరు తెరవలేకపోయినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి.

ఇక రూట్ కెనాల్ అంటే మీరు అనుకునేంత భయంకరమైనది కాదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ రబ్బరు షీటు బిగించి, పైనుంచి చిన్న దారి చేస్తారు. వేరులోని కాలువల్ని సన్నటి ఫైళ్ళతో గీకి, సోడియం హైపోక్లోరైట్ లాంటి ద్రావణంతో పదే పదే కడుగుతారు. శుభ్రమైనదంతా ఇప్పుడు ఖాళీ కదా, ఆ ఖాళీని గట్టా పెర్చాతో నింపుతారు, అది చెట్టు పాల నుంచి వచ్చే రబ్బరు లాంటి పదార్థం. ముందు పంటికి సాధారణంగా ఒకటే కాలువ, కింది దవడ పంటికి మూడో నాలుగో, అందుకే దవడ పళ్ళకి ఎక్కువ సమయం పడుతుంది. కరిగిన ఎముక నెలల మీద మెల్లగా మళ్ళీ నిండుతుంది. అది నిండిందో లేదో చూడటానికే ఆరు నెలలకో ఏడాదికో మరో ఎక్స్‌రే తీస్తారు, అప్పుడు 'నాకు బాగానే ఉంది కదా' అని మానేయకండి.

ప్రశ్న: రూట్ కెనాల్ చేయించుకుని ఏడాది కావస్తోంది. నొప్పి పూర్తిగా పోయింది. క్యాప్ వేయించుకోమన్నారు, ఇప్పటికిప్పుడు ఖర్చెందుకని ఆగాను. తాత్కాలికంగా పెట్టిన సిమెంటే ఉంది. పర్వాలేదా?

జవాబు: పర్వాలేదు అనలేనండి. ఈ వారంలోనే వెళ్ళి చూపించుకోండి.

తాత్కాలిక సిమెంట్ పని కొన్ని వారాలే. తర్వాత అది అరిగి, అంచుల దగ్గర సందు వస్తుంది, ఆ సందులోంచి ఉమ్మి, దాంతో పాటు సూక్ష్మజీవులు మళ్ళీ కాలువల్లోకి దిగుతాయి. అలా జరిగితే చేసిన రూట్ కెనాల్‌ని తిరిగి చేయాలి. రెండోది ఇంకా పెద్ద ప్రమాదం. నరం తీసేస్తే పన్ను ఎండిపోయి పెళుసవుతుందని అంటుంటారు, అసలు కారణం అది కాదు. పుచ్చు తినేసింది కొంత, లోపలికి దారి కోసం మేం తీసింది కొంత, పోగా మిగిలిన గోడలు పలచబడతాయి. నమిలేటప్పుడు దవడ పళ్ళ మీద పడే బరువు ఆ గోడల్ని రెండు వైపులకీ నెడుతుంది. ఒకరోజు మామూలు ముద్ద నములుతుండగానే టప్పుమని చీలుతుంది. చీలిక పైపైన ఆగితే సరే, నిలువునా వేరులోకి దిగిందంటే ఆ పన్ను ఇక తీసేయాల్సిందే. క్యాప్ చేసే పని ఆ గోడల్ని చుట్టూ పట్టి ఉంచడం.

ముందు పళ్ళ సంగతి వేరు. వాటి మీద అంత బరువు పడదు, గట్టి భాగం చాలా మిగిలి ఉంటే ఫిల్లింగ్‌తో సరిపెట్టొచ్చు, క్యాప్ తప్పనిసరి అని ఎవరైనా అంటే 'ఎంత పన్ను మిగిలిందండీ?' అని అడగండి. అడగడంలో తప్పు లేదు. క్యాప్ కూర్చోవడానికి చుట్టూ ఒకటి, రెండు మిల్లీమీటర్లు అరగదీయాలి, ఆ అరగదీసింది తిరిగి రాదు. ఏ జబ్బూ లేని పళ్ళని కేవలం తెల్లగా, వరుసగా కనిపించాలని అరగదీయించుకునే వాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. మెటల్, పింగాణీ పూసిన మెటల్, జిర్కోనియా, ఏ క్యాప్ అయినా సరే దాని అంచు చిగురు దగ్గర పంటికి కలిసే చోట పుచ్చు మళ్ళీ పట్టొచ్చు, బ్రష్ అక్కడ తప్పకుండా తగలాలి.

ప్రశ్న: పై పన్ను పీకిస్తే కంటి చూపు దెబ్బతింటుందని అమ్మ వద్దంటోంది. నిజమా?

జవాబు: కాదు. పంటికి వెళ్ళే నరం వేరు, చూపుకి సంబంధించిన నరం వేరు. అమ్మగారికి ధైర్యం చెప్పండి.

ప్రశ్న: అద్దంలో చూసుకుంటే ఒక పంటి మీద నల్ల చుక్క, ఇంకో పంటి మీద సున్నం లాంటి తెల్ల మచ్చ కనిపించాయి, టెన్షన్‌గా ఉంది. రెండింటికీ సిమెంట్ పెట్టించాలా? చిన్నప్పుడు పెట్టించిన వెండి సిమెంట్‌లో పాదరసం ఉందట, తీయించేయమంటారా?

జవాబు: నల్లగా ఉన్నదల్లా పుచ్చు కాదు. గాడిలో పట్టిన మరక కావచ్చు, ఎప్పుడో మొదలై ఆగిపోయిన పుచ్చు కూడా కావచ్చు. వెలుతురులో ఆరబెట్టి చూస్తేనో, ఎక్స్‌రే తీస్తేనో గానీ తేలదు. రెండు పళ్ళ సందులో పట్టే పుచ్చైతే అద్దంలో కనిపించనే కనిపించదు.

ఆ తెల్ల మచ్చ విషయంలో మీకు ఇంకా అవకాశం ఉంది. నోట్లో చక్కెర చేరగానే పంటి మీది పాచిలో ఉన్న సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం ఎంత ఉందో చెప్పే కొలత పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువైనట్టు. అది సుమారు 5.5 కంటే కిందకి వెళ్తే ఎనామెల్‌లోంచి ఖనిజం కరగడం మొదలవుతుంది, తర్వాత ఉమ్మి ఆ ఆమ్లాన్ని తగ్గించి ఖనిజాన్ని తిరిగి చేరుస్తుంది. ఇది రోజూ జరిగే పనే. కరగడం ఎక్కువై చేరడం తక్కువైతే పైన గుంట పడకముందు వచ్చే గుర్తే ఆ మచ్చ. రెండు పూటలా ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుంటూ, తీపి తినే సార్లు తగ్గిస్తే అది అక్కడే ఆగిపోవచ్చు, గట్టిపడొచ్చు కూడా. సార్లు అంటున్నాను గమనించండి, ఒకేసారి తిని నోరు కడుక్కునే వాళ్ళకంటే కొంచెం కొంచెం రోజంతా చప్పరించే వాళ్ళకే పళ్ళు ఎక్కువ పుచ్చుతాయి. గుంట పడ్డాక మాత్రం ఏ పేస్టూ పూడ్చలేదు, ఫిల్లింగే.

ఈ రోజుల్లో ఎక్కువగా పెట్టేది పంటి రంగు కాంపోజిట్, నీలి కాంతితో పొరలు పొరలుగా గట్టిపరుస్తారు. పెట్టేటప్పుడు ఉమ్మి తడి తగిలితే సరిగ్గా అతకదు, కాబట్టి నోట్లో దూది పెట్టి అంతసేపు ఉంచారని విసుక్కోకండి. వెండి సిమెంట్‌లో దాదాపు సగం పాదరసం ఉంటుందన్న మాట నిజమే. పర్యావరణం కోసం, పాదరసం వాడకాన్ని తగ్గించడానికి కుదిరిన మినమాటా అనే అంతర్జాతీయ ఒప్పందం కింద, అందులో చేరిన దేశాలు దాన్ని తగ్గిస్తూ వస్తున్నాయి, యూరోపియన్ యూనియన్‌లో 2025 నుంచి, ప్రత్యేక వైద్య అవసరం ఉంటే తప్ప వాడటం లేదు. కానీ మీ నోట్లో గట్టిగా, చిట్లకుండా ఉన్నదాన్ని తవ్వి తీయించడం వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ, తీసేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువ వస్తుంది, కొంత మంచి పన్నూ పోతుంది. అంచు విరిగితేనో, కింద పుచ్చు పడితేనో అప్పుడు మార్పించుకోండి.

ప్రశ్న: మా పాపకి ఆరేళ్ళు. పాల దవడ పన్ను పుచ్చింది. ఎలాగూ ఊడేదే కదా అని మా అత్తగారు అంటున్నారు.

జవాబు: ముందు పాల పళ్ళు ఆరేడేళ్ళకి ఊడతాయి గానీ దవడ పాల పళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి తల్లీ. అంటే ఆ పన్నుతో పాప ఇంకా నాలుగైదేళ్ళు నమలాలి. ముందే పోతే వెనక పన్ను ముందుకి జరిగి, కింద నుంచి రావాల్సిన శాశ్వత పంటికి చోటు లేకుండా చేస్తుంది. చీము పడితే కింద తయారవుతున్న పన్ను మీద మచ్చ కూడా పడొచ్చు. పాల పళ్ళకీ ఫిల్లింగ్ ఉంది, నరం పైభాగం వరకే తీసే చికిత్స ఉంది, స్టీలు క్యాప్ ఉంది. అత్తయ్యగారిని కూడా డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్ళండి, ఎక్స్‌రేలో కింది పన్ను చూపిస్తే వాదన అవసరం ఉండదు.

ప్రశ్న: వెనక పన్ను ఒకటి పీకించేశాను, బయటికి కనిపించదు. కొత్తది పెట్టించుకోవాలా? బ్రిడ్జి మంచిదా, ఇంప్లాంటా?

జవాబు: జ్ఞాన దంతమైతే ఏమీ అక్కర్లేదు. మిగతా దవడ పళ్ళైతే, చాలామందిలో పక్క పన్ను మెల్లగా ఖాళీలోకి ఒరుగుతుంది, ఎదుటి దవడలోది ఆసరా లేక కిందకో పైకో సాగుతుంది. ఒరిగిన చోట పాచి పట్టి, బాగున్న పన్ను కూడా పుచ్చుతుంది. వేరు లేని చోట ఎముక కూడా తగ్గిపోతుంది, మొదటి ఏడాదిలోనే ఎక్కువగా. కాబట్టి పెట్టించుకోవాలా వద్దా అన్నది ఏళ్ళ తరబడి వాయిదా వేయకండి.

బ్రిడ్జి అంటే రెండు పక్కల పళ్ళకి క్యాప్‌లు వేసి మధ్యలో పన్ను వేలాడదీయడం. ఆ రెండింటికీ ఇప్పటికే పెద్ద ఫిల్లింగులు ఉంటే బ్రిడ్జి మంచి దారే. రెండూ చెక్కుచెదరకుండా ఉంటే వాటిని అరగదీయించడానికి నాకు మనసొప్పదు, అక్కడ ఇంప్లాంట్ వైపే మొగ్గుతాను. టైటానియం స్క్రూని ఎముకలో బిగిస్తే, ఎముక దాన్ని అతుక్కుని పెరుగుతుంది. స్వీడన్‌కి చెందిన పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ 1950లలో కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తీయబోతే రాలేదు, అక్కడ తెలిసిన సంగతే 1965లో మొదటి మనిషి దవడ దాకా వచ్చింది. అతుక్కోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. షుగర్ అదుపులో లేకపోయినా, సిగరెట్ మానకపోయినా విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది. ఇంప్లాంట్ పుచ్చదు, నిజమే, కానీ దాని చుట్టూ చిగురు వాచి ఎముక కరగొచ్చు, శుభ్రం చేయడం దీనికీ తప్పదు. ఈ రెండూ వీలుకాకపోతే తీసిపెట్టుకునే పన్ను ఉంది, అదేమీ చిన్నతనం కాదు.

ప్రశ్న: మా నాన్నగారి కట్టుడు పళ్ళలో కింది సెట్ వదులైపోయింది. జిగురు పొడి వేసి నెట్టుకొస్తున్నారు.

జవాబు: కింది సెట్‌కి పట్టు ఎప్పుడూ తక్కువే, పైదానికి అంగిలి ఆసరా ఉంటుంది, కిందదానికి అది లేదు, పైగా నాలుక కదిలిస్తుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ కింద ఎముక అరిగి సెట్ వదులవుతుంది. లోపలి వైపు కొత్త పొర వేసి సరిచేయొచ్చు, ఎముక అనుకూలిస్తే రెండు ఇంప్లాంట్లు పెట్టి వాటికి సెట్ బిగించొచ్చు, ఆయన నమలడంలో తేడా వెంటనే తెలుస్తుంది. ఇంట్లో అరగదీయడం, జిగురుతో అతికించడం చేయొద్దు. రాత్రి తీసి నీళ్ళలో ఉంచమనండి. సెట్ ఒరుసుకున్న చోట పుండు రెండు వారాలైనా మానకపోతే, నొప్పి ఉన్నా లేకపోయినా, డాక్టరుకి చూపించండి.