వీడియో కాల్‌లో మాట సరిగా అర్థం కావడం లేదా? తప్పు చెవులది కాకపోవచ్చు

గోలలో కూడా ఎదురుగా ఉన్న మనిషి మాట అర్థమవుతోంది, వీడియో కాల్‌లో మాత్రం తికమకగా ఉంది, చెవులు దెబ్బతిన్నాయా అని మీలో ఒకరు అడిగారు. నాకైతే అనుమానం స్క్రీన్ మీదే.

మనం కళ్లతో కూడా వింటాం. 'ప' అనాలంటే ముందు పెదాలు మూసుకోవాలి, శబ్దం ఆ తర్వాతే. ఆ కాస్త వ్యవధిలోనే మెదడు రాబోయే అక్షరాన్ని ఊహించేస్తుంది. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 'గ' అంటున్న ముఖానికి 'బ' శబ్దం జోడించి చూపిస్తే చాలామందికి 'డ' అని వినిపించింది. కళ్లు మూసుకుంటే మళ్లీ 'బ'నే! సంగతి ముందే తెలిసినా ఈ భ్రమ పోదు, అదే తమాషా.

కాల్‌లో బొమ్మ వెనకబడి, మాట ముందొస్తే ఈ లెక్క తప్పుతుంది. శబ్దం కాస్త ఆలస్యమైతే మెదడు సర్దుకుంటుంది గానీ, ముందొస్తే మాత్రం ఇబ్బంది పడుతుంది.

మాట్లాడేవాళ్ల ముఖం పెద్దగా పెట్టుకోండి. బొమ్మ ఆగి ఆగి వస్తుంటే వీడియో ఆపేసి, వైరున్న ఇయర్‌ఫోన్స్‌తో వినండి. ఎదురుగా ఉన్నవాళ్లు ముఖం తిప్పుకోగానే మాట జారిపోతుంటే మాత్రం వినికిడి పరీక్ష చేయించుకోండి.