అరకులో ఎన్ని రోజులుండాలి: మేనల్లుడికి మామయ్య ఉత్తరం

చిరంజీవి చిన్నాకి,
మామయ్య ఆశీస్సులు.

డిసెంబరులో అందరినీ అరకు తీసుకెళ్తున్నావని నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి చెప్పింది. కొడుకు తీసుకెళ్తున్నాడని చెప్పేటప్పుడు ఆ గొంతులో సంబరం నువ్వు వినాల్సిందిరా. నాకూ గర్వంగానే ఉంది. కానీ శనివారం పొద్దున్న మీరు రైల్లో, డ్రైవరు కార్లో వెళ్ళి ఆదివారం రాత్రికి వచ్చేస్తారట, ఆ మధ్యలోనే బొర్రా గుహలు, చాపరాయి, వంజంగి కొండ, లంబసింగి అన్నీ చూసేస్తారట! అది విన్నాక నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. స్వెట్టర్లు, మంకీ క్యాపులు పెట్టుకోండి. ఆ ఏజెన్సీ గిరిజన ప్రాంతంలో మలేరియా భయం ఉంది, మీ పాపకి దోమల మందు రాయడం మరవొద్దు. ఘాట్‌లో సిగ్నల్ ఉండదు, చేతిలో నగదు ఉంచుకో. ఘాట్ ఎక్కకముందే ఎస్.కోటలో (శృంగవరపుకోటలో) కారుకి ఇంధనం కొట్టించమని డ్రైవరుకి చెప్పు.

ఇక అసలు సంగతి. ఒక్క రాత్రి లెక్క అందరూ చేసే తప్పే, ఏళ్ళ తరబడి చేస్తున్నదే. కాగితం మీద రెండు రోజులు కనబడతాయి. గంటలు లెక్క వేసి చూడు.

అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే రైలుబండి విశాఖలో పొద్దున్న ఏడు లోపే బయల్దేరుతుంది. అరకు చేరేసరికి పదకొండు దగ్గర పడుతుంది, అదీ సమయానికి నడిస్తే. ఆ లైను మనకోసం వేసింది కాదు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపడానికి 1960ల్లో వేసింది. ఇప్పటికీ ఖనిజం బళ్ళ రద్దీ ఎక్కువ, అందుకే మన బండి ఆలస్యమవుతూ ఉంటుంది. దిగి, రూముకి చేరి, భోజనాలు అయ్యేసరికి రెండు. గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట తిరిగేసరికి పొద్దు వాలిపోతుంది. డిసెంబరులో కొండల్లో ఆరింటికే చీకటి. శనివారం అయిపోయింది.

ఆదివారం వంజంగి అంటావు. మబ్బుల మీద సూర్యోదయం చూడాలంటే ఆరింటికల్లా కొండ పైన ఉండాలి. అరకు నుంచి పాడేరు 45 కిలోమీటర్లు, అంతా మలుపులు. అక్కడినుంచి వంజంగి, ఆపైన కాలినడకన ఎక్కడం. అంటే రెండున్నర, మూడింటికి నిద్రలోంచి పాపని లేపాలి. చిన్నప్పుడు ఎస్.కోట దాటితే చాలు నీకు వాంతులు మొదలయ్యేవి, గుర్తుందా? పాపకీ నీ పోలికే వచ్చిందని అక్క చెప్పింది. ఆ చలిలో, ఆ మలుపుల్లో, ఖాళీ కడుపుతో! తిరిగి అరకు వచ్చేసరికి పది దాటుతుంది. రూము ఖాళీ చెయ్యాలి. చాపరాయి చూసి బయల్దేరితే బొర్రా చేరేది మూడున్నరకి. గుహలు ఐదుకి మూసేస్తారు, ఆదివారం టికెట్ల దగ్గరే పెద్ద క్యూ. లోపల మెట్లు చాలా ఎక్కువ, పైనుంచి నీళ్ళు కారి తడిగా ఉంటాయి. వెనకాల జనం తోసుకొస్తుంటే అక్క ఆ మోకాళ్ళతో ఎలా దిగుతుంది? బయటికొచ్చేసరికి చీకటి, పొగమంచు, కిందికి దిగే కార్ల వరస. పైగా మీ డ్రైవరు అర్ధరాత్రి రెండింటికి లేచిన మనిషి. నాకు నిద్ర పట్టనిది అందుకే. ఎవరు ఏమనుకున్నా సరే, చీకటి పడ్డాక ఆ ఘాట్ దిగొద్దు.

అందుకే రెండు రాత్రులు, మూడు పగళ్ళు. అంతకు తగ్గితే వెళ్ళొద్దనే చెబుతాను. శని, ఆదివారాలు కాకుండా మంగళవారం వెళ్ళి గురువారం దిగేలా సెలవు పెట్టు. అద్దాల బోగీలో సీట్లు కావాలంటే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరిచిన రోజే తీసుకో.

మొదటి రోజు రైల్లో అరకు దాకా పోకుండా బొర్రా గుహలు స్టేషన్లోనే దిగండి. సామాను కార్లో పెట్టి డ్రైవరుని రోడ్డున అక్కడికి రమ్మను. అక్కడికే లోయలూ సొరంగాలూ కావలసినన్ని చూసేసి ఉంటారు. గుహలు పదింటికి తెరుస్తారు, రోడ్డున వచ్చే జనం చేరకముందే అక్క నెమ్మదిగా దిగి రావచ్చు. మధ్యాహ్నం గాలికొండ మీదుగా కార్లో అరకు ఎక్కండి. దారిలో కాఫీ తోట దగ్గర ఆపు. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటాయి, వాటి నీడలో కాఫీ. డిసెంబరంటే కోత కాలం, కొమ్మ పొడుగునా ఎర్రటి పళ్ళు గుత్తులుగా ఉంటాయి. పండిన పండుని పాప వేళ్ళతో నొక్కించు, జిగురుతో పాటు రెండు గింజలు జారి పడతాయి. తోటవాళ్ళని అడిగే కొయ్యి.

రెండో రోజు పూర్తిగా అరకుకే. పొద్దున్నే ఎక్కడికీ పరిగెత్తొద్దు. లోయలో మంచు విడిపోవడం వరండాలో కూర్చుని మీ నాన్న చూడాలి. ఆయన ఏదీ నోరు తెరిచి అడగరు, నీకు తెలుసు. పదింటికి చాపరాయి వెళ్ళండి. అది పేరుకు తగ్గట్టు చాప పరిచినట్టుండే ఏటవాలు బండ, దాని మీద నీళ్ళు పల్చగా జారుతాయి. లోతు లేదు కదా అని దిగుతారు, ప్రమాదం అక్కడే. నల్లగా, ఆకుపచ్చగా మెరిసేదంతా పాచి. దాని మీద కాలు పడితే పట్టుకోవడానికేమీ దొరకదు, కింద మడుగులోకి జారిపోతారు. పాప చెయ్యి వదలొద్దు. ఫోటో కోసమైనా సరే, ఒక్క నిమిషమైనా సరే.

మూడో రోజు ఫలహారం చేసి, కాఫీ పొడి కొనుక్కుని, పన్నెండు లోపు దిగడం మొదలుపెట్టండి. డముకు వ్యూ పాయింట్ దగ్గర ఆగినా వెలుతురుండగానే ఎస్.కోట చేరతారు.

వంజంగి చూసే తీరాలంటే మూడో రాత్రి కలుపు, కానీ ఆ రాత్రి పాడేరులో పడుకోండి. మళ్ళీ అరకు రానక్కర్లేదు, పాడేరు నుంచి మాడుగుల, చోడవరం మీదుగా విశాఖ దిగిపోవచ్చు. కొండెక్కేది నువ్వూ మీ ఆవిడా మాత్రమే, పాప నానమ్మ దగ్గర పడుకుంటుంది. లంబసింగి ఈసారి వదిలెయ్యి. దానికి నర్సీపట్నం మీదుగా ఇంకో ప్రయాణం పెట్టుకోండి.

సెలవు దొరికిందో లేదో ఈ ఆదివారంలోగా ఫోన్ చెయ్యి. మీ అత్తయ్య పాపకి స్వెట్టరు అల్లుతోంది, చేతులు ఎంత పొడుగుండాలో కొలిచి చెప్పు.

మామయ్య